రువీ గదిలో మంగళ్‌హాట్ గొంతు

2023 మార్చి 13, సోమవారం. మస్కట్‌లో తెల్లవారుజామున నాలుగైంది. మీరు రువీలో ఉన్నారు. హై స్ట్రీట్ వెనక సందు, పాత బిల్డింగు, రెండో అంతస్తు. గదిలో ఒకదానిమీద ఒకటి ఇనుప మంచాలు. కిటికీ ఏసీ గుర్రుమంటోంది. వంటగట్టు మీద అన్నం ఉడుకుతోంది, పక్క పొయ్యి మీద టమాటా పప్పుకు పోపు పడుతోంది. మధ్యాహ్నానికి సైటుకు పట్టుకెళ్లే క్యారేజీలు మూతలు తీసి వరసగా పెట్టి ఉన్నాయి. ఉప్పు డబ్బాకు ఆనించి ఫోన్ నిలబెట్టారు. అందులో లాస్ ఏంజెలెస్. అక్కడ ఇంకా ఆదివారం సాయంత్రమే. డాల్బీ థియేటర్‌లో 95వ ఆస్కార్ సభ మొదలైంది.

"లే తమ్మీ, షురూ అయింది" అంటున్నాడు జగిత్యాల అన్న, గరిటె చేతిలో పట్టుకుని.

"మన పాట ఇంకా రాలేదు గదన్నా. వచ్చినప్పుడు లేపు." పైమంచం మీద దుప్పట్లోంచి కడప తమ్ముడి గొంతు.

"బస్సెక్కినంక వస్తదేమో మల్ల. లేచి మొకం కడుక్కో."

వాళ్లు ఎదురుచూస్తున్నది 'నాటు నాటు' కోసం. రాజమౌళి తీసిన 'ఆర్ఆర్ఆర్' సినిమాలో పాట. కీరవాణి బాణీ, చంద్రబోస్ సాహిత్యం. జనవరిలో గోల్డెన్ గ్లోబ్ అందుకుంది, ఇప్పుడు ఆస్కార్ బరిలో నిలిచింది. ఎన్టీఆర్, రామ్‌చరణ్ కలిసి వేసిన ఆ అడుగులు లోకమంతా చూసింది. జగిత్యాల అన్న మాత్రం హీరోల కోసం చూడటం లేదు. ఆ పాట పాడిన ఇద్దరిలో ఒకడి కోసం చూస్తున్నాడు. ఆస్కార్ మాట ఎవరూ తలవని రోజుల నుంచీ ఈ గదిలో మోగుతున్న గొంతు అది. ఫోన్‌లో యూట్యూబ్ తెరిస్తే చాలు, పన్నెండు గంటల డ్యూటీ చేసి వచ్చిన ఒళ్లు ఆ గొంతుకు లేచి కూర్చునేది.

పేరు రాహుల్ సిప్లిగంజ్. ఈ ఉదయానికి అతని వయసు ముప్పై మూడేళ్లు.

బస్సు రావడానికి ఇంకా టైముంది. ఈలోగా ఒక్కసారి హైదరాబాద్ వెళ్లొద్దాం.

మీరు పురానాపూల్ దాటి ధూల్‌పేట, మంగళ్‌హాట్ గల్లీల్లోకి వచ్చారు. వినాయక చవితికి నెలలు ముందే ఇక్కడ గణపతి విగ్రహాలు లేస్తాయి. సంక్రాంతి వస్తే పతంగులు, మాంజా. ఇళ్ల మధ్య దారి ఇరుకు, మాట పెద్దది. తెలుగు, ఉర్దూ, హిందీ ఒకే వాక్యంలో సర్దుకుంటాయి. ఎవరూ ఆగి ఆలోచించరు, ఏ భాషలో ఉన్నామా అని. రాహుల్ పెరిగింది ఈ మాటల మధ్య. తండ్రిది క్షౌరవృత్తి. కొడుకు కూడా సెలూన్‌లో తండ్రికి సాయంగా నిలబడ్డాడు. ఆ సంగతి అతను ఎప్పుడూ దాచుకోలేదు.

సెలూన్ ఎలా ఉంటుందో మీకు తెలియనిది కాదు. ఎదురుబదురు అద్దాలు, మెడకు చుట్టిన తెల్లగుడ్డ, స్ప్రే సీసా బుస్సుమన్న చప్పుడు, పొద్దున్నుంచి రాత్రిదాకా ఆగని పాటలు. వీధిలో ప్రతి మనిషీ అక్కడికి వచ్చి తల వంచాల్సిందే. ఎవడి గోడు వాడు చెప్పుకుంటాడు. పాట రాయాలనుకునే కుర్రాడికి ఇంతకంటే మంచి బడి ఎక్కడుంటుంది? ఇంకో సంగతి కూడా చెప్పాలి. మన పెళ్లిళ్లలో సన్నాయి ఊదినవాళ్లు, డోలు వాయించినవాళ్లు ఎక్కువగా ఈ వృత్తి చేసే ఇళ్లవాళ్లే. తాళి కట్టే క్షణానికి వాళ్ల వాద్యం కావాలి. పంక్తిలో మాత్రం వాళ్లకు చివరి చోటు. తెలుగు సంగీతం ఆ ఇళ్లకు ఎంత బాకీ పడిందో మనం సరిగా లెక్క చూసుకోలేదు.

కొడుకు గొంతులో ఏదో ఉందని తండ్రి పసిగట్టి గజల్ నేర్చుకోవడానికి పంపాడు. గురువు పండిట్ విఠల్‌రావు. నిజాం కాలపు దర్బారుల్లో చిన్న వయసులోనే పాడిన మనిషి, హైదరాబాదీ గజల్‌కు పెద్ద దిక్కు. ఆయన ముందు కూర్చున్న పిల్లవాణ్ణి ఊహించండి. హార్మోనియం మీద వేళ్లు మెల్లగా కదులుతాయి. ఒక్క మాట దగ్గర ఊపిరి ఎంతసేపు పట్టాలి, ఎక్కడ వదలాలి, 'ఖ'కూ 'క'కూ నాలుక ఎక్కడ మారాలి, అన్నీ నిదానంగా నేర్పుతారు. ఏళ్ల తరబడి ఆ సాధన చేసి బయటికొస్తే గల్లీలో ఊరేగింపు, తీన్‌మార్. రాహుల్ పాటలో అరుపులా వినిపించేదాన్ని జాగ్రత్తగా వినండి. అందులో శ్రుతి జారదు, మాట నలగదు. అది గజల్ పెట్టిన భిక్ష.

ఆ తీన్‌మార్ సంగతి కాసేపు చెప్పుకోవాలి, ఎందుకంటే మీరిప్పుడు ఉన్నది ఒమన్‌లో. హైదరాబాద్ బరాతుల్లో మోగే మర్ఫా మన దగ్గర పుట్టింది కాదు. నిజాం సైన్యంలో కొలువు కోసం యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బులు, తూర్పు ఆఫ్రికా మూలాలున్న సిద్దీలు తమ వెంట తెచ్చుకున్నది. బార్కస్‌లో, ఏసీ గార్డ్స్‌లో వాళ్ల వారసులు ఇవాళ్టికీ ఉన్నారు. ఆ మర్ఫా దరువుల్లో ఒకటి తీన్‌మార్. ముస్లిం పెళ్లిలో మొదలై, గణేశ్ నిమజ్జనంలోకి, బోనాల ఊరేగింపులోకి వచ్చేసింది. ఇప్పుడు అది అందరిదీ.

మరి హద్రమౌత్ ఎక్కడుంది? ఒమన్‌లోనే సలాలా ఉన్న ధోఫార్ నుంచి పడమరగా సరిహద్దు దాటితే మహ్రా, దాన్ని దాటితే హద్రమౌత్. ధోఫార్‌లో 'బరా' అనే ఆట ఉంది. డప్పుల వాళ్లు, పాటగాళ్లు గుంపుగా నిలబడతారు. ఇద్దరు మగవాళ్లు ఖంజర్లు పట్టుకుని మధ్యలోకి వస్తారు. ఇద్దరూ ఒకేసారి కాలెత్తుతారు, ఒకేసారి దించుతారు, ఒకడి అడుగు ఇంకొకడి అడుగును దాటిపోదు. 2010లో యునెస్కో దాన్ని మానవజాతి వారసత్వ కళల జాబితాలో చేర్చింది. 'నాటు నాటు'లో ఇద్దరు హీరోలు ఒకే అడుగు వేయడం చూసి మనం ముచ్చటపడ్డాం. సలాలా వాళ్లకు అలాంటి ముచ్చట తాతల నాటి నుంచీ ఉంది. ఈ సముద్రం మీద మనుషులు కూలికి, కొలువుకు, వ్యాపారానికి అటూ ఇటూ తిరిగినంత కాలం దరువులు కూడా తిరిగాయి. అప్పుడు అరబ్బు సిపాయి హైదరాబాద్ వచ్చాడు, ఇప్పుడు జగిత్యాల మేస్త్రీ మస్కట్ వచ్చాడు.

కింద హారన్ మోగింది. బస్సు.

క్యారేజీ మూత బిగించి, నీళ్ల సీసా సంకలో పెట్టుకుని, మెట్లు దిగుతూ కూడా అన్న ఫోన్ వదల్లేదు. బస్సులో సీటు దొరికింది. పక్కన బంగ్లాదేశ్ కుర్రాడు కిటికీకి తల ఆనించి అప్పుడే నిద్రలోకి జారుకున్నాడు. వాదీ కబీర్ వైపు నుంచి వచ్చే మరో రెండు బస్సులు కలిశాయి. కొండల మధ్య నుంచి రోడ్డు సుల్తాన్ ఖాబూస్ స్ట్రీట్ ఎక్కింది. ఫోన్‌లో ఎవరికో అవార్డు ఇస్తున్నారు, ఎవరో ఏడుస్తున్నారు. సిగ్నల్ తెగుతోంది, కలుస్తోంది.

ఈ ప్రయాణంలోనే రాహుల్ మొదటి పదేళ్లు చెప్పేస్తాను. అవి కూడా ఇలాగే తెగుతూ కలుస్తూ సాగాయి.

2009లో 'జోష్' సినిమాలో 'కాలేజీ బుల్లోడా' పాట. నాగచైతన్య మొదటి సినిమా అది, రాహుల్‌కు కూడా. ఆ తర్వాత కీరవాణి దగ్గర కోరస్‌లు, ఒకటీ అరా పాటలు. 2012లో 'దమ్ము', 'ఈగ'. సినిమా పాటలో గాయకుడి పని స్టూడియోలో కొన్ని గంటలు. చెవులకు హెడ్‌ఫోన్, ఎదుట మైకు, అద్దం అవతల నుంచి "ఇంకొకటి తీసుకుందాం" అన్న మాట. బయటికొచ్చాక పాట హీరోది, సంగీత దర్శకుడిది, ఆడియో కంపెనీది. పాడినవాడి ముఖం ఎవరికీ తెలియదు. అవకాశం మళ్లీ ఎప్పుడొస్తుందో వాడికీ తెలియదు.

చాలామంది అక్కడే ఫోన్ దగ్గర కూర్చుండిపోతారు. రాహుల్ కూర్చోలేదు. తన పాట తానే రాసి, తానే బాణీ కట్టి, తానే పాడి, కెమెరా ముందు తానే నిలబడ్డాడు. తీసింది యూట్యూబ్‌లో పెట్టాడు. 'మగజాతి', 'మాకి కిరికిరి', 'పూర్ బాయ్', 'గల్లీ కా గణేశ్', 'దావత్'. ఆ పేర్లు చూస్తేనే తెలుస్తుంది ఇవి ఏ వీధిలోంచి వచ్చాయో. అప్పటికి తెలుగులో సినిమా లేని పాట అంటే భక్తి క్యాసెట్టో, జానపద క్యాసెట్టో. అంతకుముందు స్మిత లాంటివాళ్లు పాప్ ఆల్బమ్‌లు చేశారు, నిజమే. కానీ పాతబస్తీ గల్లీ కుర్రాడు తన యాసను చక్కదిద్దుకోకుండా, తన దోస్తులతో, తన వీధిలోనే వీడియో తీసి "ఇది మా పాట" అని నిలబెట్టడం కొత్త. ఏ నిర్మాతా పిలవనప్పుడు అతను తన చేతి డబ్బుతో చేసిన పని అది. నా దృష్టిలో రాహుల్ జీవితంలో అసలు మలుపు ఇదే, ఆస్కార్ కాదు.

గల్ఫ్ గదుల్లోకి అతను వచ్చింది కూడా ఈ దారిలోనే. సినిమా రావాలంటే థియేటర్, టికెట్, సెలవు కావాలి. మూడున్నర నిమిషాల పాటకు ఫోన్‌లో డేటా ఉంటే చాలు. శుక్రవారం మధ్యాహ్నం, వారానికోసారి కోడికూర వండుకునే పూట, ఒక గదిలో మొదలైన పాట పక్క గదికి, అక్కడి నుంచి వాట్సాప్‌లో బర్కా క్యాంపుకు, సొహార్‌కు వెళ్లిపోయేది. గణేశ్ పాట మోగుతుంటే ఆ గదిలో ఒకడు ఇంటి దగ్గర నిమజ్జనం ఎలా జరుగుతుందో చెప్పడం మొదలుపెడతాడు. మాట మధ్యలో ఆగిపోతుంది. పాట మాత్రం ఆగదు.

బస్సు ఖురమ్ దాటింది. కుడివైపు రాయల్ ఒపెరా హౌస్ తెల్లరాళ్లు మసక వెలుతురులో బయటపడుతున్నాయి. 2011లో తెరిచిన ఆ భవనంలో లోకంలోని గొప్ప గాయకులు పాడారు. దాని ముందు నుంచి రోజూ పనికి వెళ్లే మనుషులు లోపల ఎలా ఉంటుందో చూసి ఉండరు.

మళ్లీ రాహుల్ దగ్గరికి వద్దాం. 2018లో 'రంగస్థలం' టైటిల్ పాట. 2019లో 'ఇస్మార్ట్ శంకర్'లో బోనాల పాట. అదే ఏడాది బిగ్ బాస్ మూడో సీజన్. నవంబర్ 3న చిరంజీవి చేతుల మీదుగా ట్రోఫీ, 50 లక్షల బహుమతి. కార్యక్రమం నడిపింది నాగార్జున. పదేళ్ల కింద ఎవరి కొడుకు మొదటి సినిమాలో పాడాడో, ఆయన పక్కన నిలబడి గెలిచాడు. తెలుగిళ్లలో ప్రతి ఒక్కరికీ రాహుల్ తెలిసింది ఆ వంద రోజుల్లోనే. అన్ని పాటలు చేయలేని పని ఒక టీవీ ఆట చేయడం నాకు కష్టంగానే ఉంటుంది. అయినా ఆ ఇంట్లో అతన్ని జనం దగ్గరికి తీసుకున్నది కూడా ఆ గల్లీ మాటే, ఆ పాటే.

తర్వాత 'నాటు నాటు'. కీరవాణి ఈ పాటకు రెండు గొంతులు ఎంచుకున్నారు. ఒకటి తన కొడుకు కాలభైరవది, ఒకటి రాహుల్‌ది. తెరమీద ఇద్దరు హీరోలు ఒకరితో ఒకరు పోటీ పడుతూనే దోస్తులుగా ఉండాలి. గొంతులు కూడా అలాగే ఉండాలి. ఒకటి రెండోదాన్ని మింగేయకూడదు. పాట అంతా పరుగే, ఊపిరి తీసుకోవడానికి సందు దొరకదు. చంద్రబోస్ ఎక్కువ భాగం ఒక్క పూటలోనే రాసేశారు, మిగతా కొంచెం పూర్తి కావడానికి ఏడాదిన్నర దాటింది. చిత్రీకరణ 2021 ఆగస్టులో, ఉక్రెయిన్‌లోని కీవ్‌లో, అధ్యక్షుడి మారిన్‌స్కీ భవనం ముందు. ఆరు నెలలు తిరిగేసరికి ఆ దేశం మీద యుద్ధం వచ్చిపడింది. పాట 2021 నవంబర్ 10న విడుదలైంది, సినిమా 2022 మార్చి 25న.

"ఆగాగు... వచ్చింది, వచ్చింది!"

అన్న సీట్లోంచి లేచాడు. డ్రైవర్ పాకిస్తానీ, అద్దంలోంచి "క్యా హువా భాయ్?" అంటున్నాడు. బస్సులో తెలుగువాళ్లు పట్టుమని పదిమంది లేరు, అందరూ ఒక్క ఫోన్ మీదికి వంగారు. దీపికా పదుకొణె నల్లని దుస్తుల్లో వేదిక మీదికి వచ్చి పాటను పరిచయం చేస్తోంది. ఆమె మాట్లాడుతుండగానే హాలులో కేకలు. ఆమె ఆగి, నవ్వి, మళ్లీ మొదలుపెడుతోంది.

తెర లేచింది. కీవ్ భవనం బొమ్మ వెనక. కాలభైరవ, రాహుల్. నాట్యకారులు కింద పరుగెత్తుకొచ్చారు. మొదటి మాట పడగానే కడప తమ్ముడు కళ్లు నులుముకుని, "మనోడేనా? మనోడేనా ఆ పక్కనుండేది?" అంటున్నాడు. తెరమీద రాహుల్ ముఖం దగ్గరగా వచ్చింది. మెడ నరం ఉబ్బింది. కళ్లు మాత్రం నవ్వుతున్నాయి. ఎదుట కూర్చున్నది హాలీవుడ్. భాష ఒక్క ముక్క తెలియని వాళ్లు తల ఊపుతున్నారు, చప్పట్లు కొడుతున్నారు. పాడుతున్నది మంగళ్‌హాట్ మాట తీరుతోనే. ఒక్క అక్షరం కూడా వాళ్లకోసం మెత్తబడలేదు.

పాట ముగిసింది. హాలు లేచి నిలబడింది. బస్సులో అన్న కూర్చోలేదు, అప్పటికే నిలబడి ఉన్నాడు. బంగ్లాదేశ్ కుర్రాడు లేచి, సంగతి తెలియకపోయినా చప్పట్లు కొట్టాడు. గ్రాండ్ మసీదు మినార్ మీద తొలి వెలుగు పడుతోంది.

అవార్డు ప్రకటన వచ్చేసరికి సైటులో ఎండ పడింది. హెల్మెట్లు పెట్టుకుని వరసలో నిలబడ్డారు. ఫోర్‌మన్ పేర్లు పిలుస్తున్నాడు. లేడీ గాగా పాట ఉంది పోటీలో, రిహానా పాట ఉంది. అన్న జేబులో ఫోన్, చెవిలో ఒకే ఒక ఇయర్‌ఫోన్. ఉన్నట్టుండి చెయ్యి పైకెత్తాడు. ఫోర్‌మన్ హాజరు అనుకుని టిక్ పెట్టుకున్నాడు. "వచ్చిందిరా!" అన్న మాట వరస చివరిదాకా పాకింది. భారతీయ సినిమా నుంచి ఒక పాటకు ఆ అవార్డు రావడం అదే మొదటిసారి.

ఆ బొమ్మ అందుకున్నది కీరవాణి, చంద్రబోస్. నియమం అదే. ఉత్తమ గీతం అవార్డు బాణీ కట్టినవాళ్లది, రాసినవాళ్లది. పాడినవాళ్లది కాదు. ఇద్దరూ దానికి నూటికి నూరుపాళ్లూ అర్హులు. అయితే ఆ రాత్రి లోకం విన్నది రెండు గొంతుల్ని కూడా. ఆ వేదిక ఎక్కే హక్కు రాహుల్‌కు తెచ్చిపెట్టింది పద్నాలుగేళ్ల పాట, అందులో సగం ఎవరూ పిలవకుండా పాడుకున్నది.

పది రోజులు తిరక్కముందే కృష్ణవంశీ 'రంగమార్తాండ'లో నటుడిగా తెరమీదికొచ్చాడు. 2025 జూలైలో, బోనాల సమయంలో, తెలంగాణ ప్రభుత్వం అతనికి కోటి రూపాయల నజరానా ప్రకటించింది. సంతోషం. గల్లీ పాటకు సర్కారు మర్యాద దక్కడం చిన్న విషయం కాదు.

ఇక నేను చెప్పదలచుకున్నది ఒక్కటే, మస్కట్‌లో, దుబాయ్‌లో, దోహాలో తెలుగు సభలు నడిపే పెద్దలతో. ఉగాదికి, సంక్రాంతికి మీరు గాయకుల్ని పిలిపిస్తారు. టికెట్లు, హాలు, స్పాన్సర్లు, అనుమతులు, ఆ కష్టం తక్కువది కాదు. గాయకుడు వేదిక ఎక్కగానే కింద నుంచి చీటీలు వస్తాయి: ఆ సినిమా పాట, ఈ సినిమా పాట. రాత్రి పదిన్నరకు హాలు ఖాళీ చేయాలి. అతను రాసుకున్న పాట అతని జేబులోనే ఉండి, అతనితోనే విమానం ఎక్కి వెళ్లిపోతుంది. 'మగజాతి' పాడిన రోజుల్లో ఆ కుర్రాడి సొంత పాటకు మన వేదికల మీద చోటు ఇచ్చామా? ఇవాళ అలాంటి కుర్రాళ్లు, అమ్మాయిలు వరంగల్‌లో ఉన్నారు, శ్రీకాకుళంలో ఉన్నారు, మీ క్యాంపుల్లో కూడా ఉన్నారు. రేపటి సభలో వాళ్లను పిలవండి. సినిమా పాటలు ఎన్ని పాడించుకున్నా సరే, ప్రతి ఒక్కరి చేతా సొంత పాట ఒకటి పాడించండి. కరపత్రం మీద ఆ పాట పేరు, రాసినవాళ్ల పేరు అచ్చు వేయండి. క్యాంపు నుంచి వచ్చేవాళ్ల కోసం ఒక బస్సు పంపండి, ముందు వరసల్లో కొన్ని కుర్చీలు వాళ్లకు ఉంచండి.